బాబిన్ గుడ్లు మానేసింది

మిషన్ మావయ్యకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, దాన్ని వాడినవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన మిషన్ మావయ్యే. కరెంటు బిల్లు తెచ్చే మనిషి కూడా గుమ్మంలో నిలబడి "మిషన్ మావయ్యా, బిల్లు!" అని కేకేసి పోయేవాడు. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన పని. వీధివైపు ముందుగదిలో గోడ పొడవునా విప్పిన మిషన్లు, మేకులకు వేలాడే బెల్టులు, మూతల్లేని డబ్బాల్లో స్క్రూలు, వాటన్నిటి మధ్యా ఒక ఎత్తుపీట మీద ఆయన. గదిలో అడుగుపెడితే మిషన్ నూనె వాసన గుప్పుమనేది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. ఇంట్లోవాళ్ళకు మాత్రం ఆ వాసన లేకపోతే ఏదో వెలితిగా ఉండేది.

ఆయన పనిచేసే తీరే వేరు. మిషన్ తెచ్చినవాళ్ళు దారం తెగుతోందనీ, కుట్టు వదులుగా పడుతోందనీ ఏకరువు పెడుతుంటే చెయ్యెత్తి ఆపేసేవాడు. చక్రం మెల్లగా తిప్పుతూ, మిషన్ మెడకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ సమయంలో ఎవరైనా తుమ్మారా, వాళ్ళ పని అయిపోయినట్టే. విన్నాక తలాడించి స్క్రూడ్రైవర్ అందుకునేవాడు. అప్పుడు ఒకే మాట అనేవాడు. "ఊరికే ఏదీ ఆగదు. ఆగిందంటే లోపల ఏదో అడ్డం పడింది."

ఎవరైనా "పాతదైపోయింది మావయ్యా, ఇక పనికిరాదేమో" అంటే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు.

"పాతదైతే? వయసనేది ఏ మిషన్లో ఏ పార్టు? చూపించు, మార్చి ఇస్తా! విప్పి చూసే ఓపిక లేనివాళ్ళు చెప్పే మాట అది."

గొప్పకోసం అన్నది కాదు. చెత్తలోంచి ఏరుకొచ్చిన తుప్పుముద్దల్ని కూడా నూనెలో నానబెట్టి, రుద్ది, విప్పి, బిగించి, గలగలా నడిపించిన మనిషాయన. అందుకే ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నా ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పేవాళ్ళు లేకపోతే మనిషికి తన మాట మీద ఎంత గురి కుదురుతుందో వేరే చెప్పాలా!

ఆయన భార్య వీధికంతటికీ టైలరత్తయ్య. పక్క బడి పిల్లల యూనిఫారాలన్నీ ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవే. నడిమి గదిలో కిటికీ పక్కన ఆవిడ మిషన్. దాని మెడకు ఒక చిన్న దీపం, ఆయనే అమర్చింది, సూది మీద మాత్రమే వెలుతురు పడేట్టు. ఎండాకాలం ముందు ఒకరోజు ఆవిడ ఎవరిదో పిల్లవాడి చొక్కాకు ఆఖరి గుండీ కుట్టి, దారం కత్తిరించి, మిషన్ మీద గుడ్డ కప్పింది. మళ్ళీ ఆ గుడ్డ తీయలేదు. కళ్ళ డాక్టరు చూపు బాగానే ఉందన్నాడు. నడుంనొప్పి లేదు. అడిగినవాళ్ళకు "చూద్దాంలే" అనేది. గుడ్డలు తెచ్చినవాళ్ళను పై వీధి టైలరు దగ్గరికి పంపేది.

మావయ్య అడిగాడు. అడిగితే "ఏం లేదు" అంది. ఏం లేకుండా ఆగుతుందా? ఇక ఆయన మిషన్‌ని పట్టుకున్నాడు. షటిల్ తీసి కడిగాడు, సూది మార్చాడు, బెల్టు మార్చాడు. "ఇప్పుడు చూడు, వెన్నలా నడుస్తుంది" అన్నాడు. "ఊఁ" అంది ఆవిడ. మళ్ళీ పదిరోజులకు తొక్కుడుపలక విప్పాడు. రోజూ పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి "ఏమోయ్, ఇవాళైనా కుడతావా?" అని అడగడం అలవాటైపోయింది. ఆవిడ కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి అవతలికి వెళ్ళిపోయేది.

ఇక బాబిన్ సంగతి. అదొక ఎర్ర పెట్ట. పిల్లగా ఉన్నప్పుడు ఒక వానరోజు గూట్లోంచి తప్పించుకుని ముందుగదిలోకి వచ్చి, దారం చుట్టుకునే బాబిన్లు వేసే అట్టపెట్టెలో దూరి నిద్రపోయింది. అప్పట్నుంచి దాని పేరు బాబిన్. పెరట్లో మిగతా కోళ్ళు నిమ్మచెట్టు కింద గీరుకుంటుంటే ఇది మాత్రం ఆయన పీట కింద తిష్ఠవేసేది. కిందపడ్డ స్క్రూని ముక్కుతో పొడిచి, గింజ కాదని తెలుసుకుని, ఆయనకేసి ఎగాదిగా చూసేది. "అది నీ మేత కాదే, నా మేత" అనేవాడు.

గుడ్డు పెట్టే వేళకు బల్ల కింది సొరుగులో గుడ్డపీలికల మీదికి ఎక్కి కూర్చునేది. ఆ కాసేపూ మావయ్య సుత్తి ముట్టుకునేవాడు కాదు. పెట్టాక అది ఇల్లెగిరిపోయేలా అరిస్తే, ఆయన వెచ్చటి గుడ్డు అరచేతిలో పెట్టుకుని వంటింటి దాకా వెళ్ళి "పెట్టిందోయ్!" అని చూపించి వచ్చేవాడు. బేరం మధ్యలో ఉన్నా, మిషన్ సగం విప్పి ఉన్నా సరే, ఆ పని ఆగేది కాదు. "తనే పెట్టినట్టు ఏమిటా సంబరం" అని కోడలు మూతి తిప్పుకుని నవ్వేది.

మూడు నాలుగేళ్ళు అలా గడిచాక గుడ్లు తగ్గాయి. రోజూ పెట్టేది కాస్తా రోజు విడిచి రోజు, తర్వాత వారానికి ఒకటి. వానలు వెళ్ళి చలి మొదలయ్యేసరికి అదీ లేదు. పైగా ఒంటిమీద ఈకలు రాలిపోయి, మెడ బోసిగా, తోక పీకేసిన చీపురులా తయారైంది. మావయ్య పొద్దున్నే సొరుగు లాగి, పీలికల్లో చెయ్యిపెట్టి తడిమి, "పెట్టావే?" అని అడిగేవాడు. బాబిన్ తల పక్కకు వాల్చి చూసేది. అంతే.

ఆ ఇంటికి ఒక రూలుంది. గుడ్డు పెట్టని కోడి గూట్లో ఉండకూడదు. ఆ రూలు పెట్టింది ఎవరో కాదు, టైలరత్తయ్యే, కోళ్ళు కొత్తగా తెచ్చిన రోజుల్లో. గూడు చిన్నది, మేత ఊరికే రాదు, ఇంట్లో పిల్లలకు గుడ్లు కావాలి. పెట్టడం మానేసిన కోడిని వీధి చివర మాంసం కొట్టతను తీసుకెళ్ళేవాడు. ఇన్నేళ్ళలో ఎవరూ దానికోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నది లేదు.

కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. కొడుకు లారీ మీద వెళితే ఎప్పటికి వస్తాడో తెలియదు కాబట్టి ఇంటి లెక్కాడొక్కా ఆ పిల్లే చూసుకునేది. ఒక సాయంత్రం షాపు నుంచి వస్తూ బుట్టలో ఆరు కొత్త పెట్టల్ని తెచ్చింది. గూట్లో వదిలి, చేతులు కడుక్కుంటూ ఉన్న మాట చెప్పింది.

"మావయ్యా, గూట్లో ఇక చోటు లేదు. బాబిన్ గుడ్డు పెట్టి రెండు నెలలు దాటింది. కొట్టతనికి చెప్పనా?"

మావయ్య గబగబా అడ్డం వచ్చాడు. "అప్పుడే ఏం తొందరమ్మా! ఏదో అడ్డం పడి ఉంటుంది. చూస్తాగా."

"చూసి?"

"బాగుచేస్తా."

"కోడినా!" కోడలు చెయ్యి తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది. "మావయ్యా, అది ముసలిదైంది. అంతే."

అదిగో, ఆ మాట! "ఆ మాట నా ఇంట్లోనే వినాలా? విప్పి చూడకుండానే ముసలిదంటే ఎలాగమ్మా? నెలాఖరు దాకా టైమియ్యి. దాంతో గుడ్డు పెట్టించకపోతే నా చేత్తో నేనే పట్టి ఇస్తా. ఇదే నా మాట."

"మీ ఇష్టం మావయ్యా. నెలాఖరు అంటే నెలాఖరే" అంది కోడలు. నడిమి గదిలో కప్పిన మిషన్ పక్కన కూర్చుని వారపత్రిక తిరగేస్తున్న టైలరత్తయ్య ఇదంతా వింది.

మర్నాటి నుంచి రిపేరు మొదలైంది. నవ్వకండి, ఆయనకది నిజంగా రిపేరే. మొదటి అనుమానం: ఎక్కడో దొంగచాటుగా పెడుతోందేమో. కొన్ని కోళ్ళకు ఆ బుద్ధి ఉంటుంది. రోజంతా పని మానుకుని బాబిన్ వెనకాలే తిరిగాడు. కట్టెల మోపు కదిపాడు, నిమ్మచెట్టు మొదట్లో ఆకులు ఎత్తి చూశాడు, పక్కింటివాళ్ళ గోడ మీదుగా తొంగిచూసి వాళ్ళావిడ చేత "ఏం కావాలి మావయ్యా?" అనిపించుకుని నీళ్ళు నమిలాడు. గుడ్లెక్కడా లేవు. తనే పెట్టి తనే పొడుచుకు తింటోందేమోనని పీలికల్లో పెంకుముక్కలకోసం వెతికాడు. అదీ లేదు.

తర్వాత మేత. నూకల్లో గుడ్డుపెంకుల పొడి కలిపాడు. పేలు పట్టాయేమోనని ఈకలు విడదీసి భూతద్దం పెట్టి చూశాడు. బూడిదలో పొర్లించాడు. కొత్త పెట్టలు దాన్ని తరుముతున్నాయని గూటి మధ్యలో పలక కొట్టి దానికి వేరే వాటా ఇచ్చాడు. పాత తలుపు నుంచి ఊడిన పింగాణీ పిడి ఒకటి తెచ్చి, గుడ్డులా ఉందని సొరుగులో పెట్టాడు. దాన్ని చూసైనా గుర్తొస్తుందని ఆశ. రెండోరోజుకు కొత్త పెట్టల్లో ఒకటి ముందుగదిలోకి వచ్చి, ఆ పిడి పక్కనే బుల్లి గుడ్డు పెట్టి వెళ్ళింది. కోడలు దాన్ని చూసి మురిసిపోయింది. బాబిన్ పీట కింద కూర్చుని రాలిన తన ఈకనే పొడుస్తోంది.

రోజులు దొర్లిపోతున్నాయి. మావయ్యకు మిషన్ల మీద ధ్యాస తప్పింది. ఒకరి మిషన్‌కు ఇంకొకరి చక్రం బిగించి తిట్లు కూడా తిన్నాడు. అలాంటి సమయంలో కోళ్ళఫారాలకు దాణా తోలే డ్రైవరు ఒకతను భార్య మిషన్ తీసుకెళ్ళడానికి వచ్చి, సంగతి విన్నాడు.

"అదేముంది మావయ్యా, వెలుతురు చాలక! చలికాలం పొద్దు చిన్నది కదా. ఫారాల్లో బల్బులు వేసి పొద్దుని పొడిగిస్తారు. కంట్లో వెలుతురు పడితే ఒంట్లో గుడ్డు తయారవుతుందట."

మావయ్య మొహం వెలిగిపోయింది. చూశారా, కారణం ఉంది! డ్రైవరు మిషన్ భుజాన పెట్టుకుని గుమ్మం దిగుతూ "అయినా అక్కడివన్నీ పడుచు పెట్టలు మావయ్యా, ముదిరినవాటిని ఉంచరు" అన్నాడు గానీ, ఆ ముక్క ఈయన చెవికెక్కలేదు. అప్పటికే ఆయన వైరు చుట్ట వెతుకుతున్నాడు.

వైరు దొరికింది. దీపమే లేదు. గూట్లోకి పెద్ద బల్బు పట్టదు, వేడికి ఈకలు కాలతాయి. చిన్నది కావాలి. ఆయన చూపు నడిమి గదిలోకి వెళ్ళింది. మిషన్ మీది గుడ్డ తొలగించి, దాని మెడకున్న దీపం స్క్రూ విప్పడం మొదలెట్టాడు. టైలరత్తయ్య పత్రిక దించి చూసింది.

"దీనితో నీకిప్పుడు పనిలేదు కదోయ్" అన్నాడు ఆయన, స్క్రూ పళ్ళ మధ్య పట్టుకుని. "నువ్వు మళ్ళీ మొదలెట్టే రోజుకు బిగించేస్తాలే."

ఆవిడ ఆయన్నీ, ఆయన చేతిలోని దీపాన్నీ చూసింది. పత్రిక మళ్ళీ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. పేజీ మాత్రం తిప్పలేదు. మావయ్య అదేమీ గమనించలేదు. గమనించే స్థితిలో లేడు.

సాయంత్రం చీకటి పడుతూనే గూట్లో దీపం వెలిగేది. తెల్లవారకముందే మళ్ళీ వెలిగేది. బాబిన్ నిద్రలేని కళ్ళతో ఆ వెలుతురులో నిలబడి మేత తినేది. ఈకలు ఇంకా పూర్తిగా రానే లేదు. నెలాఖరు ఇంకో వారంలో ఉందనగా ఒక పొద్దున సొరుగులో చెయ్యిపెట్టిన మావయ్య వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీశాడు. గుడ్డే! పెంకు మాత్రం లేదు. తోలుసంచిలా, ఒక పక్కకు అణిగి, వేలితో నొక్కితే లోపలికి పోతోంది. అయినా గుడ్డు గుడ్డే కదా!

"పెట్టిందోయ్!" వంటింట్లోకి పరిగెత్తినంత పనిచేశాడు. "చూడు, చెప్పానా! కోడలెక్కడ? పిలువు!"

టైలరత్తయ్య ఆ గుడ్డును చూసింది. తర్వాత ఆయన వెనక గుమ్మం దాకా వచ్చి నిలబడ్డ బాబిన్‌ను చూసింది. తోక కిందికి వేలాడుతోంది. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. తురాయి ఎరుపు పోయి పాలిపోయింది.

"అది బాగాలేదండీ" అంది.

"అలసట అంతే. ఇన్నాళ్ళకు పెట్టింది కదా."

రెండో రోజు పొద్దున బాబిన్ లేవలేదు. గూట్లో ఒక మూల, రెక్కలు జారవేసి, ముక్కు తెరిచి రొప్పుతోంది. నిలబెట్టబోతే కాళ్ళు పట్టు ఇవ్వలేదు. పొట్ట కింద చెయ్యిపెడితే గట్టిగా తగిలింది. ఇదే ఒక మిషనైతే ఈపాటికి మావయ్య పైమూత విప్పి అడ్డం పడ్డదాన్ని వేలితో తీసేవాడు. ఇక్కడ ఏ స్క్రూ ఉంది విప్పడానికి? సామాను సంచిలోంచి సుత్తులూ పటకార్లూ అన్నీ నేలమీద కుమ్మరించి, అందులో పీలికలు పరిచి, బాబిన్‌ను పడుకోబెట్టి పశువుల ఆసుపత్రికి బయల్దేరాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది, మాట తీరు నిదానం. గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో బాబిన్‌ను కాసేపు కూర్చోబెట్టింది. నూనె రాసింది. వేళ్ళతో పొట్టను పట్టీ పట్టనట్టు నిమురుతూ ఉండిపోయింది. చాలాసేపటికి గుడ్డు జారి బయటికొచ్చింది. ఇదీ మెత్తటిదే, నలిగి ఉంది. బాబిన్ ఒక్కసారి కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంది. మావయ్య గోడకానుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"వయసెంత బాబాయ్ దీనికి?" చేతులు కడుక్కుంటూ అడిగింది డాక్టరమ్మ.

"నాలుగు దాటి ఉంటాయమ్మా."

"దీపం పెట్టారా?"

"పెట్టాను. ఆగిపోయింది కదాని. ఎందుకాగిందో మాత్రం అంతుపట్టలేదు. కారణం మీరైనా చెప్పండి."

"కారణం వయసే."

మావయ్యకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా ఈసారి ఒంటికాలి మీద లేవలేదు. మళ్ళీ సంచిలో పడుకోబెట్టిన బాబిన్‌ను చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "అది కారణమెలా అవుతుందమ్మా? ఊరికే ఆగదు కదా ఏదీ."

డాక్టరమ్మ విసుక్కోలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చూడండి బాబాయ్. గుడ్లకు కావాల్సిన విత్తనాలన్నీ పుట్టేటప్పుడే పెట్ట కడుపులో ఉంటాయి. తర్వాత కొత్తవి చేరవు. మొదటి ఏడాదో రెండేళ్ళో గబగబా పెడుతుంది. తర్వాత ఒంటి ఓపిక తగ్గుతుంది, ఎడం పెరుగుతుంది. ఈకలు రాల్చేటప్పుడు తిన్నదంతా కొత్త ఈకలకే పోతుంది. పొద్దు చిన్నదైతే విశ్రాంతి తీసుకుంటుంది. చివరికి ఒకనాటికి మానేస్తుంది. ఇందులో పాడైంది ఏదీ లేదు. బాగుచేయడానికి ఏం లేదు."

"మరి దీపానికి పెట్టింది కదా?"

"పెట్టింది. ఒంట్లో లేనిదాన్ని వెలుతురు పెట్టి తరిమారు. పెంకుకు సున్నం కావాలి, తిన్నది చాలలేదు. ఎముకల్లోంచి తీసి పెట్టబోయింది. అందుకే కాళ్ళు నిలవడం లేదు. దీపం తీసేయండి. పెంకుల పొడి మానకండి. నిద్రపోనివ్వండి. బతికితే నాలుగేళ్ళు హాయిగా తిరుగుతుంది. గుడ్లు మాత్రం అడక్కండి."

దారంతా మావయ్య సంచిని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నడిచాడు. ఇన్నేళ్ళూ అడ్డం పడ్డదాన్ని వెతికి తీసిన మనిషి, ఈసారి అడ్డం పడింది తనే. ఇంటికి రాగానే గూట్లో దీపం ఊడబెరికాడు. వైరు చుట్టి మేకుకు తగిలించాడు. దీపాన్ని ఎక్కడ పెట్టాలో తోచక జేబులోనే ఉంచుకున్నాడు.

నెలాఖరు వచ్చింది. బాబిన్ లేచి నిలబడింది, నాలుగు అడుగులు వేస్తోంది. కోడలు మరిచిపోయే మనిషి కాదు, అలాగని రాతిగుండె మనిషీ కాదు. "మావయ్యా, పోనీ ఇంకో వారం చూద్దామా?" అని అడిగింది కూడా. మావయ్య తల అడ్డంగా ఊపాడు. వారం చూస్తే ఏమొస్తుంది? ఆ తోలుగుడ్లను ఆయన లెక్కలో వేసుకోలేకపోయాడు. ఇక గుడ్డు రాదు, ఆయనకది తెలుసు. బాగుచేయలేకపోతే తన చేత్తో ఇస్తానన్నాడు. ఇచ్చిన టైముకు మిషన్ ఇవ్వకుండా ఎవరినీ తిప్పుకోని మనిషి, ఈ మాట ఒక్కటి తప్పుతాడా? కబురందుకుని కొట్టతను బుట్టతో పెరట్లోకి వచ్చేసరికి ఆయన బాబిన్‌ను చంకలో పెట్టుకుని నిమ్మచెట్టు కింద నిలబడి ఉన్నాడు. అది ఆయన చొక్కా గుండీని పొడుస్తోంది.

"ఇలా ఇవ్వండి మావయ్యా" అన్నాడు కొట్టతను.

ఇవ్వబోయాడు. చేతులు సగం చాపాడు, మిగతా సగం రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నువ్వెళ్ళు బాబూ." వంటింటి గుమ్మంలోంచి టైలరత్తయ్య గొంతు. "కోడిని ఇవ్వటం లేదు."

"అదేంటత్తయ్యా!" కోడలు ఆశ్చర్యపోయింది. "రూలు మీదే కదా?"

"నాదే. నేనే కొట్టేస్తున్నా. అప్పుడు నాకు వయసుండి పెట్టాను. ఇప్పుడు బుద్ధొచ్చి తీసేస్తున్నా."

కొట్టతను బుట్ట భుజానికెత్తుకుని చల్లగా జారుకున్నాడు. టైలరత్తయ్య మెట్లు దిగి వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. అప్పుడూ పెంచలేదు.

"ఏవండీ, ఒక మాటడుగుతాను. పొద్దున లేస్తూనే దీన్ని అడుగుతారు, పెట్టావా అని. అట్నుంచటే వంటింట్లోకొచ్చి నన్నడుగుతారు, కుడతావా అని. రెండూ ఒకటే గొంతు. ఎప్పుడైనా మీకు వినబడిందా? మిషన్ మెడకు చెవి పెట్టి అంత వింటారే!"

మావయ్య బాబిన్ మెడ నిమురుతూ తల దించుకున్నాడు.

"నా మిషన్‌కు ఏం కాలేదు. ఎన్నిసార్లు విప్పుతారు దాన్ని? నాకూ ఏం కాలేదు. ఊరందరి పిల్లలకూ కుట్టాను. చాలనిపించింది. ఆపేశాను. దానికి మీరు నన్ను పాడైన మనిషిలా చూస్తుంటే..." ఆవిడ ఆగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా దీపం తీసి గూట్లో పెట్టిన రోజు నాకు భయమేసిందండీ. ఈ ఇంట్లో పెట్టనిదానికి చోటు లేదు కదా. ఆ రూలు నేనే పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది."

"అయ్యో, అదేం మాట!" మావయ్య బాబిన్‌ను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఏం చెప్పాలో తెలియక, తెలిసిన మాటే నోటికొచ్చింది. "మరి... ఎందుకు చాలనిపించిందంటావ్?"

కోడలు ఫక్కున నవ్వేసింది. టైలరత్తయ్యకు కూడా ఏడుపులోంచి నవ్వొచ్చింది. "ఇదిగో, మళ్ళీ స్క్రూడ్రైవర్ తీశారు!"

ఆయన మొహం చిన్నబోయింది. జేబులోంచి దీపం తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "దీన్ని మళ్ళీ మిషన్‌కు..." అని మధ్యలో ఆపేశాడు.

"నా మంచం పక్కన పెట్టండి. పత్రికలో అక్షరాలు చిన్నవి" అంది ఆవిడ.

అలాగే పెట్టాడు. ఆ సాయంత్రమే మేకు కొట్టి, వైరు లాగి, వెలుతురు సరిగ్గా పేజీ మీద పడేట్టు వంచాడు. ఆవిడ మిషన్ జోలికి ఆయన పోలేదు. కప్పిన గుడ్డ ఒక పక్క జారి ఉంటే మాత్రం సరిగ్గా లాగి కప్పాడు. కోడలు గూట్లో నిలువుగా ఉన్న పలక తీసి అడ్డంగా కొట్టి, బాబిన్‌కు కిందివాటా ఇచ్చింది. పడుచు పెట్టలు పైవాటాకు ఎగరగలవు, దానికి కాళ్ళు నొప్పి కదా అంది.

మర్నాడు పొద్దున మావయ్య లేచి అలవాటుగా ముందుగదిలోకి నడిచి సొరుగు లాగాడు. పీలికల్లో బాబిన్ వెచ్చగా ముడుచుకుని కూర్చుని ఉంది. రాత్రి గూట్లోంచి ఎలా వచ్చిందో ఏమో. ఆయన చెయ్యి దాని కిందికి పోబోయి ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తిన్నావే?" అని అడిగాడు.

అది తల పక్కకు వాల్చి చూసింది. గుప్పెడు నూకలు తెచ్చి సొరుగులోనే వేశాడు. అట్నుంచటే వంటింట్లోకి వెళ్ళాడు. టైలరత్తయ్య పొయ్యి దగ్గర నిలబడి ఉంది. గుమ్మంలో ఆయన అడుగుల చప్పుడు విని వెనక్కి తిరగకుండానే కాఫీ గ్లాసు అందుకుంది. రోజూ వినే మాటకోసం ఆవిడ భుజాలు కాస్త బిగుసుకున్నాయి. ఆయనకు అది ఇన్నాళ్ళకు కనబడింది.

"ఏమోయ్" అన్నాడు. ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "నువ్వేమైనా తిన్నావా?"

ఆ ఇంట్లో ఆ మాట ఇన్నేళ్ళూ అడిగింది ఆవిడే. ఆవిడను ఎవరూ అడగలేదు. గ్లాసు పక్కన పెట్టి ఆయన వైపు తిరిగింది.

"లేదండీ" అంది. "ఆ పీట ఇటు లాక్కోండి. ఇద్దరం తిందాం."